నీలమ్మ తీసిన మరక

పుప్పాలగూడ చాకలి నీలమ్మ ఉతికిన బట్టలో మరక చూపించినవాడికి తన మీసం గొరిగి ఇచ్చేస్తానని ఆమె మొగుడు బతికున్నన్నాళ్లూ పందెం కాసేవాడు. చివరికి మీసంతోనే కాటికి పోయాడు. ఆమె చేతి పని మీద ఊరికి అంత గురి. ఆ చేతులే ఒకనాడు నాలుగిళ్ల కొంప ముంచుతాయని ఎవరనుకున్నారు?

అది డెబ్భై మూడో సంవత్సరం. అప్పట్లో ఆ ఊరి చుట్టూ ఉన్నవల్లా బండలూ, బండల సందున జొన్నచేలూ, సీతాఫలం పొదలూను. బండ కొట్టి బతికే కుర్రాళ్లు నలుగురు జైల్లో ఉన్నారు. క్వారీ పేలుడులో చచ్చిపోయిన కూలీ పెండ్లాం తరఫున వాళ్లు కంట్రాక్టరును నిలదీశారు. అతగాడు దొమ్మీ కేసు పెట్టించి లోపల వేయించాడు. పస లేని కేసు, నెల తిరక్కుండా వచ్చేస్తారని వకీలు చెప్పాడు. వచ్చేవాళ్లే. కానీ జైల్లో ఒక ముసలి ఖైదీ గంజి ఒలకబోశాడని వార్డరు బెల్టు తీసి బాదుతుంటే, ఈ నలుగురూ చూస్తూ ఊరుకోలేకపోయారు. "ముసలాయనను కొట్టుడు బందు చేసేదాక మేం తినం" అని గిన్నెలు బోర్లించి కూర్చున్నారు. ముందు నోరు తెరిచినవాడు రాజయ్య కొడుకు మొగిలి. ఆ సాయంత్రం నలుగురికీ దెబ్బలు పడ్డాయి, మొగిలికి అందరికంటే ఎక్కువ. మర్నాడు వార్డరు తన చేతికి కట్టు కట్టుకొని వచ్చి, వీళ్లే తన మీద పడి కొట్టారని కొత్త కేసు పెట్టాడు. కొట్టినవాడే ముందు పోయి మొరపెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు.

ఊరు వాళ్లను వదిలేయలేదు. ప్రతి గురువారం ములాఖత్‌కు ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. జొన్నరొట్టెలు మూటగట్టుకొని మెహదీపట్నం దాకా నడిచి అక్కడ బస్సెక్కేవారు. పేషీ రోజైతే నలభైమంది పోయి కోర్టు వరండాలో కూర్చునేవారు. బేడీలతో తెస్తున్నప్పుడు పిల్లలకు నాలుగు తెలిసిన మొహాలు కనబడాలి కదా!

నీలమ్మ కూడా తన వంతు అడిగింది. "నా దగ్గర ఇంకేముంది? నేను ఆళ్ల బట్టలు ఉతుకుత. జైల్లున్నా మనోళ్లు మనోళ్లే. మాసిన బట్టల్తోటి నిలవడొద్దు" అంది. శిక్ష పడని ఖైదీలు ఇంటి బట్టలే తొడుక్కోవచ్చు. అందుకని గురువారం గురువారం ఉతికిన మూట లోపలికి పోయేది, మాసిన మూట బయటికి వచ్చేది. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి ఆమె నల్లజీడి రసంతో కాలరు వెనక గుర్తులు పెట్టేది. మొగిలి గుర్తు మూడు చుక్కలు.

వకీలు పట్టాభిరామయ్యది గుంటూరు వైపు. ఆంధ్రాయన మనకేం చేస్తాడని మొదట్లో ఊళ్లో సణిగినవాళ్లు ఉన్నారు. ఆయన మాత్రం పైసా ముట్టకుండా తిరిగాడు. ఒకరోజు జైల్లో మొగిలిని కలిసి వచ్చి, రాజయ్యను పక్కకు పిలిచాడు.

"దెబ్బలు తిన్నప్పటి చొక్కా మీవాడు చాప కింద దాచాడండి. ఈ గురువారం మాసిన బట్టల్లో కలిపి బయటికి పంపిస్తాడు. మాసిన బట్టలు ఎవరూ వెదకరు. వచ్చింది వచ్చినట్టు నా చేతికివ్వండి. వీపు మీది మచ్చలు బండపని చేసేవాళ్లకు మామూలేనని జైలు డాక్టరు రాసేశాడు. అది అబద్ధమని చూపించడానికి మనకున్నది ఆ చొక్కా ఒక్కటే. అది లేకపోతే రెండేళ్లు తప్పదు. ఎవరితోనూ అనకండి."

రాజయ్య మాట మీద నిలబడ్డాడు. ఎంతలా నిలబడ్డాడంటే, కట్టుకున్న పెండ్లాం పోచమ్మకు కూడా చెప్పలేదు. ఆడోళ్ల నోట్ల నువ్వుగింజ నానదని తర్వాత సంజాయిషీ చెప్పుకున్నాడు. నువ్వుగింజ సంగతేమో గానీ, అంగీ మాత్రం నానింది.

ఆ గురువారం పొద్దున్నే రాజయ్యకు చలిజ్వరం తగిలింది. గొంగడి కప్పుకొని వణుకుతూ, "మూట తెచ్చి ఇంట్ల పెట్టు, ఎవలకియ్యకు" అని పోచమ్మకు చెప్పాడు. జ్వరం మనిషి ఏదో కలవరిస్తున్నాడనుకొని ఆమె వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలోనే రేవు. నడిచి నడిచి కాళ్లు పీకుతున్నాయి. ఎప్పటిలాగే మూట నీలమ్మకు ఇచ్చి ఇంటికి పోయింది.

నీలమ్మ మూట విప్పింది. మూడు చుక్కల అంగీ చేతికి తగలగానే అట్టలా బిరుసుగా ఉంది. విప్పి చూస్తే వీపు మీద అడ్డంగా ఆరు చారలు, ఎండి నల్లబడిన నెత్తురు. ఆమె అక్కడే నీళ్లలో కూలబడింది. పుట్టినప్పుడు మొగిలి పొత్తిగుడ్డలు ఉతికింది తనే. "ఎవడు కొట్టిండు కొడుకా, వాని చేతులిరగ" అని గట్టిగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఇది పోచమ్మ కంటబడితే బతకదనుకుంది. బతికున్న మనిషి నెత్తురు బట్ట మీద ఉంచితే ఆయుష్షు తగ్గుతుందని కూడా ఆమెకు భయం.

నెత్తురుకు వేడినీళ్లు పనికిరావు, మరక కరుచుకుపోతుంది. చన్నీళ్లలో నానబెట్టింది. చౌడు పట్టించింది, నిమ్మకాయ రుద్దింది. బండకేసి కొట్టడానికి మాత్రం ఆమెకు చెయ్యి రాలేదు. ఆ వీపును మళ్లీ కొట్టినట్టే అవుతుందనిపించి, ఒక్కొక్క చారనూ వేళ్లతో మెల్లగా నలిపింది. పొద్దు వాలేసరికి అంగీ మల్లెపువ్వులా తెల్లబడింది. ఎందుకంత ఆలస్యమైందని పోచమ్మ అడిగితే, "ఎర్రమట్టి అంటింది అక్కా, మొండి మరకలు" అంది.

రాజయ్య వారం పాటు జ్వరంతో కళ్లు తెరవలేదు. ఈలోగా ఇంకో గురువారం వచ్చింది, ఉతికిన మూట జైలుకు పోయింది. ఎదురుచూసి చూసి పట్టాభిరామయ్యే ఊరికి వచ్చాడు. మూట ఏదని రాజయ్య గొంగడిలోంచి అడిగాడు. నీలమ్మకిచ్చానని పోచమ్మ చెప్పింది. గొంగడి విసిరేసి రాజయ్య కూడా లేచాడు, ముగ్గురూ రేవుకు పరుగెత్తారు.

సంగతి విన్న నీలమ్మ, ఆరు చారల నెత్తురూ తనే ఉతికి తీసేశానని చెప్పింది. వకీలు బట్టలుతికే బండ మీద కూర్చొని తల పట్టుకున్నాడు. కొడుకు ఒంటి మీద నెత్తురు కారిందని పోచమ్మకు తెలిసింది ఆ క్షణంలోనే.

"మట్టి అన్నవ్ కద నీలమ్మా" అంది. అంతే, మళ్లీ రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు.

ఊరు కూడా నీలమ్మను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆమె అనుకుంది. చివరికి తనే వకీలు దగ్గరికి పోయింది. "మరక పోయింది గానీ నా కండ్లు పోలే గద సారూ. చూసింది చెప్త" అంది.

కోర్టులో బోనెక్కగానే సర్కారు వకీలు నవ్వాడు. "రక్తమో, పాన్ మరకో, ఎర్రమట్టో నీకెట్లా తెలుసు?"

"పురిటి బట్టలు, పీనుగుల బట్టలు ముప్పయ్యేండ్లు ఉతికిన. నెత్తురు నాకు తెల్వదా సారూ? వీపు మీద ఆరు చారలు. ముందల ఒక్క చుక్క లేదు. మంది మీదవడి కొట్టేటోనికి వీపుల దెబ్బలెట్ల తాకుతయి?"

కిటికీల దగ్గర నిలబడ్డ ఊరివాళ్లు ఒక్కసారిగా కదిలారు. మేజిస్ట్రేటు కలం ఆపి ఆమె వంక చూశాడు. పట్టాభిరామయ్య మొహంలోకి ప్రాణం వచ్చింది.

"ఆ చొక్కా ఏదీ?" అన్నాడు సర్కారు వకీలు.

నీలమ్మ తలెత్తి చూసింది. మొగిలికి ఉన్నవి రెండే అంగీలు. పేషీ కదా అని మంచిది తొడుక్కొచ్చాడు.

"గదే. మొగిలి ఒంటి మీదున్నది."

జవాను మొగిలిని వెనక్కి తిప్పి నిలబెట్టాడు. కోర్టంతా చూసింది. కాలరు వెనక మూడు చుక్కలు, వాటి కింద తెల్లని వీపు.

"ఒక్క మరకైనా చూపించు."

"లేదు సారూ."

"చిన్న మచ్చైనా?"

"లేదు" అంది. "నేను తీస్తే ఉండదు."

ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు తలవంచి రాసుకున్నాడు. నలుగురికీ రెండేళ్ల శిక్ష పడింది. తీసుకుపోతుంటే మొగిలి ఆమె వైపు తిరిగి, "ఫికర్ చెయ్యకు చిన్నమ్మా" అన్నాడు. ఆ మాటకు ఆమె వరండాలోనే గోడ పట్టుకొని కూర్చుండిపోయింది.

తర్వాతి గురువారం పోచమ్మ వెంట ఉతికిన బట్టలతో నీలమ్మ కూడా జైలుకు పోయింది. జవాను వాటిని ముట్టుకోలేదు. "శిక్ష పడ్డోళ్లకు సర్కారు బట్టలే. ఇగ తేవొద్దు" అని, లోపల మొగిలి చేత విప్పించిన బట్టల మూట తెచ్చి పోచమ్మ చేతిలో పెట్టాడు.

నీలమ్మ అలవాటుగా చేతులు చాచింది. పోచమ్మ మూటను కడుపుకు అదుముకుంది.

"వద్దు."

"ఉతుక్కొస్త అక్కా. మాసినయి."

"మాసినయనే వద్దంటున్న" అంది పోచమ్మ. "గిండ్ల వాని చెమట వాసనుంది. రెండేండ్లు నాకు గిదే కొడుకు. నువ్వు ఉతికితే ఏం మిగలదు నీలమ్మా."

అందులో కోపం లేదు. కోపముంటే నీలమ్మ కాళ్ల మీద పడేది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పోచమ్మ మూటలో మొహం పెట్టుకుంది. నీలమ్మ తన రెండు చేతులూ కొంగు కింద దాచుకొని మెహదీపట్నం దాకా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.