రెండో లైను

“రాయి! కళ్లెక్కడెట్టుకుని ఏరేవే ఈ బియ్యం?” దవడ పట్టుకుని అరిచేడు వీరేంద్ర. పొద్దుటి అన్నం కంచంలో సగం అలాగే ఉంది.

“ఫేక్టరీలో సేరిన కాణ్ణించీ కోడలి కళ్లకి ఇల్లు ఆనట్లేదురా,” వంటింటి గుమ్మంలోంచి అందించింది అత్తగారు రామాయమ్మ.

“పదేళ్లకో రాయి. దానికింత గోలేటండీ?” అంది నూకరత్నం. “పైగా ఎదురు సమాధానమొకటి!” అన్నాడతను. ఆమె క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కేసింది. పదేళ్లుగా తను ఏరి పారేసిన రాళ్లు ఎవరికీ కనబడలేదు. మిగిలిపోయిన ఒక్కటీ ఇంటిల్లిపాదికీ కనబడింది.

నర్సీపట్నం శివారులో, ఒకప్పటి జీడిపిక్కల గోడౌనులో, ఎనిమిది మంది ఆడవాళ్లతో మొదలైంది ఆ కంపెనీ. ఇప్పుడు తొంభై మంది. పెద్ద కంపెనీల ఫేన్లకీ మిక్సీలకీ లోపలుండే సర్క్యూట్ బోర్డులు వీళ్లు చేసిస్తారు. పైన పేరు ఆ కంపెనీలదే. పని ఒకరిది, పేరు ఇంకొకరిది. నూకరత్నానికి ఇదేం కొత్త కాదు. ఇక్కడ బోర్డుల్లో తప్పులు పట్టే తన చూపు కోసమని ఒక కుర్చీ, లైటున్న ఒక భూతద్దం ఉండడమే కొత్త.

ఆ మధ్యాహ్నం కొత్త ఆర్డరు పెట్టెలు లారీకెక్కుతున్నాయి. ఆఖరి బోర్డు మీద ఆమె వేలు ఆగింది.

“మేడమ్, లారీ ఆపండి! ఈ బుల్లి డబ్బా మీద తెల్లగీత ఎడంపక్కుండాలి. తిరగేసి అతికించేరు.”

పెట్టెలు విప్పితే అలాంటివి ఇంకో నలభై. చెకింగు మెషీను అన్నిటినీ సరేననే వదిలేసింది. మేనేజరు సాయిప్రియ గుండె మీద చెయ్యేసుకుంది. “ఎలా పట్టేరండీ?”

“బియ్యంలో రాయి ఏరినట్టేనండి. తెల్లదాంట్లో తెల్లది వెతకాలి.”

సాయిప్రియ నవ్వలేదు. “ఎల్లుండి సోమవారం బోర్డులు చేసే రెండో లైను మొదలు. చెకింగుకి పన్నెండు మంది వస్తున్నారు. వాళ్లకి మీరే నేర్పాలి. పొద్దున్న ఏడుకల్లా రావాలి మరి. రేపు ఫోన్ చేసి చెప్పండి.”

పన్నెండు మంది! ఆటోలో పక్కనున్న తోటి వర్కరు కొండలమ్మకి చెప్పబోయి నోరు నొక్కుకుంది. చెబితే కేకేసేస్తానేమోనని భయం. ఇంట్లో అడుగుతాను, అనుకుంది మొదట. వీధి మలుపు తిరిగేసరికి, చెబుతాను, అనుకుంది.

సాయంత్రం భోజనాల దగ్గర వీరేంద్ర ముద్దముద్దా నలిపి చూసుకుంటున్నాడు. “ఇయ్యేళ రాళ్లు లేవు గదా?”

“సోమవారం నించి నాకు ఏడింటికే డ్యూటీ అండి. రెండో లైను చెకింగంతా నాదే. కొత్తగా వచ్చే పన్నెండు మందికీ నేనే నేర్పాలి. ఒప్పుకుంటన్నాను.”

వీరేంద్ర తల్లి వైపు చూసేడు.

“మరింట్లో బియ్యం ఎవులేరతారే?” అంది రామాయమ్మ.

నూకరత్నం లేచి చేట తెచ్చి మొగుడి కంచం పక్కన పెట్టింది.

“రేపు ఆదివారమే కదా, కూకోండి. మీకూ నేర్పుతాను. పదమూడోవారు మీరే.”