ఒకటో నంబరు కొట్టు

"నా కత్తెరతో కాగితం కోశావా?"

మా ఆయన దర్జీ. గుడ్డలు కోసే కత్తెర కాగితాన్ని తాకితే పదును పోతుందని పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ మాట దాటలేదు. ఆ రోజు అరల్లో కాగితాలు మారుస్తుంటే వంటింటి కత్తెర దొరక్క దాన్ని అందుకున్నాను.

"నాలుగు కాగితాలకే ఇంత రభసా? సాన పట్టించుకో."

"ఏ కాగితం కోశావో చూశావా?"

అప్పుడు చూశాను. ఉప్పు డబ్బా కింద వర్తక మండలి ముద్ర ఉన్న ఉత్తరం రెండు ముక్కలై ఉంది. పాత పత్రికల మధ్య దాన్ని దాచింది ఆయనే. ముక్కలు కలిపి చదివాను. 'మీ ఒక్కరికే ప్రత్యేక సహాయంగా కొత్త భవనం నేలమాళిగలో, మెట్ల పక్కన మూల, ఒకటో నంబరు దుకాణం కేటాయించాం. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వకండి.'

"మన కొట్టు వదిలేస్తున్నామా?"

"సోమవారం పదింటికి మన కొట్టు తాళంచెవి మండలికి ఇవ్వాలి. ఎవరితోనూ అనకు. మిగతావాళ్లకి ఎక్కడో లోపల వస్తాయి. మెట్ల పక్కది మనకే."

"మెట్ల దుమ్ము కూడా మనకేలే" అంది అత్తయ్య మంచం మీది నుంచి.

మా వీధిలో చిన్న కొట్లు తొమ్మిది. నాలుగు నెలల కిందట మండలివాళ్లు దండలతో వచ్చారు. చిన్న వ్యాపారులకు చేయూత అన్నారు. వీధి బాగుచేస్తాం, కొత్త బోర్డులు పెడతాం అని అందరిచేతా సంతకాలు పెట్టించారు. మర్నాడే కొట్ల ముందు నిలువెత్తు ఇనుపరేకులు లేచాయి. పని మాత్రం లేవలేదు. రేకులకీ గడపలకీ మధ్య పక్కకి తిరిగి నడిస్తే పట్టేంత సందు మిగిలింది. కాస్త ఒళ్లున్నవాళ్లు మా కొట్లో బట్టలు కుట్టించుకోవడమే మానేశారు. పట్టపగలు దీపం వేసుకుని ఆయన మిషను ముందు కూర్చునేవాడు. అవతల జనం నడిచే చప్పుడు వినబడేది, మనిషి కనబడేవాడు కాదు. నేలమాళిగ ఉన్న భవనం మండలి అధ్యక్షుడిదేనని అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరెత్తలేదు. ఎందుకెత్తలేదో ఆ ఉత్తరం చూశాక అనుమానం వచ్చింది.

మర్నాడు ఇస్త్రీ వదిన కొట్టుకి వెళ్లాను.

"వదినా, సోమవారం తాళంచెవి ఇచ్చేస్తున్నావా?"

ఆమె చెయ్యి ఆగింది. "నీకెవరు చెప్పారు?"

"మాకు ఒకటో నంబరు కొట్టు వచ్చింది."

"మెట్ల పక్కదా? మూలదా?" దుప్పటి మడత కింద నుంచి ఆమె కూడా ఓ ఉత్తరం తీసింది. పేరు తప్ప అక్షరం తేడా లేదు. "దొంగసచ్చినోళ్లు! నీ మొహం చూడ్డానికి సిగ్గేసి, వారం నుంచి మీ బట్టలు మా పిల్లతో పంపిస్తున్నా కదే!"

ఇద్దరం వెళ్లి వీధికి పెద్దవాడైన గడియారాల బాబాయికి చెప్పాం. ఆయన తన ఉత్తరం కూడా తీసి మా రెండింటి పక్కన పెట్టాడు. "మనం చెప్తే మిగతావాళ్లు నమ్మరమ్మా. కళ్లతో చూడాలి" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం మండలి ఏసీ గదిలో సమావేశం. ఆడవాళ్లెందుకని గుమ్మంలో అడిగారు. వినబడనట్టు లోపలికి నడిచాను. అధ్యక్షుడి ఉపన్యాసం అయ్యాక బాబాయి లేచాడు. పనిలో కంటికి పెట్టుకునే అద్దం ఇంకా నుదుటి మీదే ఉంది.

"ఒక్క మనవి సారూ. ఒకటో నంబరు కొట్టు ఎవరిదో, వాళ్లని నిలబడమనండి."

అందరూ నేల చూపులు చూశారు. ఇస్త్రీ వదిన లేచింది. "నాది."

"నీదెట్లాగమ్మా? నాది!" చెప్పులు కుట్టేవాడు లేచాడు.

"చాల్లేవయ్యా, నాకు రాసిచ్చారు!"

కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కిర్రుమన్నాయి. చివరికి మా ఆయన నావైపు చూసి, నేను అతికించిన ఉత్తరం జేబులోంచి తీసి లేచాడు. తొమ్మిదిమందీ నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. మోసపోయినందుకు కాదు. పక్కవాడు లోపలి చీకట్లోకి పోతాడని తెలిసీ నోరు మూసుకున్నందుకు.

"అవి తాత్కాలికం. అంతా మీ మంచికే. సాయం చేస్తే ఇదా విశ్వాసం?" అన్నాడు అధ్యక్షుడు.

బాబాయి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "సాయమైతే పదిమంది ముందు చెయ్యొచ్చుగా. చాటుగా ఒక్కొక్కణ్ణీ పిలవడమెందుకు? రేకులు విప్పించేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

అరగంటలో పోలీసులొచ్చారు. నుదుటి మీద అద్దంతోనే బాబాయిని లాక్కెళ్లారు. మేము పక్కకి జరిగి దారి ఇచ్చాం. అదీ రాస్తున్నాను. ఒంటరిగా పిలిస్తే ఒంటరిగా వెళ్లడం అలవాటైనవాళ్లకి, కలిసి అడ్డం నిలబడటం ఒక్క పూటలో రాదు.

ఆ సాయంత్రం మా ఆయన పెందరాళే ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని ఆగాడు.

"అందరితో మాట్లాడి వచ్చాను. తాళంచెవులు ఇవ్వం. సోమవారం పదింటికి రేకులు విప్పుతున్నాం. రేపే ఆ ఉత్తరాల సంగతి పెద్దక్షరాలతో రాసి రేకుల మీద అంటించాలి." కత్తెర తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. "కాగితాలు నువ్వు కొయ్యి."

"మొద్దుబారదుట్రా?" అంది అత్తయ్య.

"సాన పట్టించుకుందాం లేమ్మా."

"నిన్నూ పట్టుకుపోతే?"

"ఒక్కణ్ణయితే పట్టుకుపోతారు. ముందు బాబాయి కొట్టు తెరుస్తాం. ఆయన లేడని అది మూసి ఉండకూడదు. ఎవరు కూర్చోవాలన్నదే తేలలేదు. అందరికీ ఎవరి కొట్టు వాళ్లకుంది."

"నేను కూర్చుంటా" అన్నాను.

ఆయన ముద్ద చేతిలోనే ఉంది. "గడియారాల పని నీకేం తెలుసు?"

"టైము చూడ్డం తెలుసు. పది కాగానే కేకేస్తా."