మార్తవ్వ రోజు ఊడ్చిన చెత్త

లేవగానే స్తమెన చేసే మొదటి పని, కొడుకు మంచం కోళ్ళ కింద పెట్టిన సబ్బునీళ్ళ పళ్ళేలు మార్చడం. వాటిలో మిన్నల్లులు, ఆ నెత్తురు తాగే గెంతుడు పురుగులు, ఆవగింజల్లా తేలుతుంటాయి. వాకిట్లో పారబోసి, బూటుకాలితో నలిపి, పళ్ళేలు మళ్ళీ నింపుతుంది. తరవాత చెక్కనేల మీద సలసల కాగే నీళ్ళు పోస్తుంది. ఆ తరవాతే మేక పాలు పితకడం.

మంచం మీద గవ్రిల్ వెల్లకిలా ఉంటాడు. చంకల దగ్గర్నుంచి తుంటి దాకా పిండికట్టు. చలికాలం మొదట్లో దుంగల లారీ మీంచి జారి పడ్డాడు. పట్నం నుంచి వచ్చిన డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు.

"కదలకుండా ఉంటే ఎండలు వచ్చేసరికి నడుస్తాడు. వెన్నుకి గట్టి కుదుపు తగిలిందా, ఇక మంచమే."

వెళ్ళబోతూ గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. "మిన్నల్లులు పట్టనీయకమ్మా. ఈ ఇల్లు గోక్కుందంటే నా కట్టు ఆగదు."

రొదోపి కొండల్లో పాత ఇళ్ళకి దురద పుడుతుంది. మిన్నల్లులు ఎక్కువైతే, ఈగ వాలిన గుర్రం తొడలా గోడ చటుక్కున అదురుతుంది. మరీ ఓర్చుకోలేకపోతే ఇల్లు పక్కకి ఒరిగి చెట్టుకో బండకో వీపు రుద్దుకుంటుంది. అందుకే అక్కడ పింగాణీ గిన్నెలు ఎండుగడ్డిలో దాచుకుంటారు. స్తమెన మొగుడు బతికుండగా ఏటా సున్నం వేసేవాడు. ఇల్లు హాయిగా పడి ఉండేది.

ఆ ఏడు మంచు సరిగ్గా పడలేదు. కింద కొట్టంలో మేకకి పట్టిన మిన్నల్లులు చావలేదు. చెక్కల సందుల్లోంచి పైకి ఎక్కాయి. ముందుగా గవ్రిల్ కట్టులోకి దూరాయి.

"అమ్మా, గోకవే. చచ్చిపోతున్నా."

"ఎక్కడరా?"

"లోపల. నీ చెయ్యి పట్టదు."

పక్కింటి పెరున అల్లిక సూది పట్టుకుని వచ్చింది. స్తమెన కంటే పెద్దది. మొగుడు లేడు, పిల్లల్లేరు, నోరు మాత్రం ఉంది. సూది కట్టులోకి దించి మెల్లగా ఆడించింది.

"ఇక్కడా? ఇంకా కిందికా? సిగ్గుపడకురా, నీ బొడ్డు కోసింది నేనే."

"నవ్వించకు పెద్దమ్మా. నొప్పి."

"అయితే నవ్వకు. దొరబాబులా పడుకుని ముసలిదానిచేత వీపు గోకించుకుంటున్నావు. నీకు పెళ్ళామొస్తే ఏం చెప్పుకుంటావు?"

"నువ్వుండగా పెళ్ళామెందుకు?"

"చూశావే వీడి నోరు! నడుమే విరిగింది, నాలుక విరగలేదు."

రోజూ మధ్యాహ్నం వచ్చేది. చిక్కుడుగింజల పులుసు తనే చెంచాతో తాగించేది. ఆ కాసేపే స్తమెన నడుం వాల్చేది.

మాచిపత్రి పరిచింది స్తమెన. అక్రోటు ఆకులు ఉడికించిన నీళ్ళు చల్లింది. మేకని అమ్మేసింది. మందుల షాపు పొడి చల్లితే గవ్రిల్‌కి దగ్గొచ్చింది, దగ్గితే వెన్నులో పొడిచింది. ఆ పొడీ ఊడ్చేసింది.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం గోడ అదిరింది. ఎంతోసేపు కాదు. అలమరలో గ్లాసులు మోగి ఆగాయి. గవ్రిల్ అరుపు వీధి దాకా వినబడింది.

స్తమెన దుప్పటి ఎత్తి వాడి కాలి బొటనవేలు గిల్లింది.

"తెలుస్తోందా?"

"ఏంటి?"

"గిల్లుతున్నానురా."

"ఏ కాలు?"

సాయంత్రానికి స్పర్శ తిరిగొచ్చింది. గోడ మాత్రం లోలోపల వణుకుతూనే ఉంది.

ఇక మిగిలింది మార్తవ్వ రోజు, చలిని సాగనంపే మార్చి నెల అవ్వ వచ్చే రోజు. మార్చి ఒకటిన ఆడవాళ్ళు గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టి, పొద్దు పొడిచేలోగా ఇల్లంతా ఊడ్చి, "మిన్నల్లులు బయటికి, మార్తవ్వ లోపలికి" అంటూ చెత్త అవతల పారేస్తారు. ఆ రోజు ఊడిస్తే ఒక్కటి మిగలదు. అయితే ఆ చెత్త పొయ్యి వెలిగే మరో ఇంటి నేల మీద పడాలి. అడవిలో పోసినా ఏట్లో కలిపినా తిరిగొచ్చేస్తాయి. అందుకని ఆ పొద్దు అందరూ ఎవరి ప్రహరీ వాళ్ళు కాపలా కాస్తారు. దొరికినవాళ్ళని తిడతారు. సాయంత్రం అందరూ కలిసి సారా తాగుతారు.

స్తమెన ఇంటికి ఒక పక్క లోయ. రెండో పక్క పెరున ఇల్లు.

ముందురోజు పెరున సూది తుడుచుకుంటూ అంది, "ఒసే, రేపు నా వైపు విసిరావంటే ఊరుకోను. నా ఇల్లు ముసలి గాడిద. దురద పుడితే తన్నుతుంది."

"నీ వైపెందుకు విసురుతానక్కా? దిగువ వీధికి మోసుకెళ్తా."

"వీణ్ణి ఒక్కణ్ణి వదిలేసా? నేనొచ్చి కూచుంటాలే."

అన్నట్టే చీకటి విడకముందే వచ్చి మంచం పక్కన కూచుంది.

స్తమెన ఊడ్చింది. బకెట్ పట్టుకుని దిగువ వీధి మొదటిదాకా వెళ్ళింది. ప్రతి ప్రహరీ దగ్గరా ఒక ఆడమనిషి చీపురుతో నిలబడి ఉంది.

"ఆ బకెట్లో ఏంటి స్తమెనా? మాకేమైనా వండి తెచ్చావా?" అని ఒకామె అంది. మిగతావాళ్ళు నవ్వారు.

తూర్పు తెల్లబడుతోంది. వెనక్కి తిరిగి చూసింది. తన ఇంటి కప్పు మీద రాతిపలకలు ఒకదాని మీద ఒకటి కదులుతున్నాయి. ఇల్లు మెల్లగా అక్రోటు చెట్టు వైపు ఒరుగుతోంది.

పరుగెత్తింది. పెరున ప్రహరీ దగ్గర ఎవరూ లేరు. బకెట్ గోడ మీంచి బోర్లించింది. మార్తవ్వ మాట పెదాలతోనే అంది.

ఇల్లు ఆగింది. నిట్టూర్చినట్టు చప్పుడు చేసి మళ్ళీ నిటారుగా కూచుంది.

లోపల పెరున గవ్రిల్ మొహం తడిగుడ్డతో తుడుస్తోంది.

"అయిందా?"

"అయింది."

"ఎవరి నెత్తిన పోశావే?"

"ఎవరూ చూళ్ళేదు" అంది స్తమెన.

ఆ రోజు నుంచి పళ్ళేల్లో ఏమీ తేల్లేదు. గోడ కదల్లేదు. గవ్రిల్ రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. పెరున మధ్యాహ్నాలు వస్తూనే ఉంది. ఇప్పుడు సూది పని లేదు, పులుసు పనే. తాగిస్తూ తాగిస్తూ చెంచా ఆపి చీలమండ గోక్కునేది.

"నాకూ పట్టాయే. ఆ దిగువ వీధి ముండ ఎవత్తో విసిరుంటుంది. దాని చేతులు పడిపోనూ. నిన్న ఇల్లు తెగ విదిలించుకుంది."

చూరు కింద తిరగకు అక్కా, అనాలి. అనడానికి నోరు తెరిచింది స్తమెన.

"ఉప్పు సరిపోయిందా?" అంది.

"సరిపోయింది" అంది పెరున.

ఏప్రిల్‌లో డాక్టరు కట్టు విప్పాడు. గవ్రిల్ గోడ పట్టుకుని రెండు గదులూ తిరిగాడు. "బరువు మాత్రం ఎత్తకు" అన్నాడు డాక్టరు. ఆ వారంలోనే పెరున చూరు కింద ఉల్లినారు నాటుతుంటే ఆమె ఇల్లు వీపు రుద్దుకుంది. ఒక్కసారే. పైనుంచి రాతిపలక జారింది.

గవ్రిల్‌కి చప్పుడు వినబడింది. "పెద్దమ్మ ఏదో పడేసుకుంది. వెళ్ళి చూడమ్మా."

ఇల్లు ముసలిదైపోయిందన్నారు ఊళ్ళోవాళ్ళు. ఇంకేమీ అడగలేదు.

పడుచువాళ్ళంతా పట్నాల్లో ఉన్నారు. శవపెట్టె మొయ్యడానికి ముగ్గురే దొరికారు. గవ్రిల్ కోటు తొడుక్కున్నాడు.

"వద్దురా. డాక్టరు ఏమన్నాడు?"

"పెద్దమ్మ బరువేముందమ్మా?"

వంగాడు. భుజం మీదికి ఎత్తుకున్నాడు. శ్మశానం దారి స్తమెన ఇంటి ముందు నుంచే. పెట్టె వెళ్తుంటే ఆ ఇల్లు అదరలేదు, బెదరలేదు. పాలు తాగిన పసిబిడ్డలా నిద్రపోతోంది. పోయినవాళ్ళ పేర పంచే ఉడికించిన గోధుమల గిన్నె పట్టుకుని స్తమెన వెనక నడిచింది. ముందు వాడి వీపు కనబడుతోంది. ఎక్కడా వంకర లేదు.

పక్కన నడుస్తున్న ఆడమనిషి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఎంత చక్కగా అతుక్కుందో చూడు. పెరున సేవే సేవ. వీడు నడవడం కళ్ళారా చూసి పోయింది."

"ఆఁ" అంది స్తమెన. "చూసింది."