రస్ పైబస్ రెపో సర్దిన శీతాకాలం

హోబార్ట్ రేవు పక్కన మేడమీది ఆఫీసులో రస్ పైబస్ ప్రాణంలా చూసుకునేది ఒక్కటే, రెపో. చిన్నాచితకా ఊళ్ల గ్రంథాలయాల్లో ఏ కంప్యూటర్ ఎలా ఉండాలో, ఏ ప్రింటర్ ఎలా నడవాలో చెప్పే కోడంతా అందులోనే ఉంటుంది. కంప్యూటర్లు గంటకోసారి దాన్ని చదువుకుని, తమలో తేడా కనిపిస్తే తామే సరిచేసుకుంటాయి. ఏళ్ల తరబడి ఆ కోడంతా రస్ ఒక్కడే రాస్తూ వచ్చాడు.

ఆ శీతాకాలం అతనికి తోడుగా ఇమోజెన్ ఉద్యోగంలో చేరింది. వచ్చిన రోజంతా రెపో చదివి, సాయంత్రం కుర్చీ అతని వైపు తిప్పింది.

"గురూ, ఇది రెపోనా, మా పెద్దమ్మ గరాజా? ఒకే పని మూడు చోట్ల రాసుంది. ఎప్పుడో పారేసిన యంత్రాలక్కూడా ఆదేశాలున్నాయి. సగం ఫైళ్ల మీద 'ముట్టుకోవద్దు' అని రాశావు. ముట్టుకుంటే ఏమవుతుంది?"

"ఏదో అవుతుంది."

"అదే, ఏమవుతుందని?"

రస్‌కు నిజంగానే గుర్తులేదు. ఆ మాట ఒప్పుకోవడం కన్నా టీ పెట్టుకోవడం నయమనిపించి లేచిపోయాడు.

మర్నాడు ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఒక్కో ముక్కా తీసి చూడాలి, ఎవరూ ఫోన్ చేసి అరవకపోతే అది చచ్చిన కోడని లెక్క. ఇమోజెన్ మొట్టమొదట ప్రింటర్ల ముక్క తీసేసింది. రస్, తన మాటే నెగ్గేలా, ఏదైనా చెడిపోతే బాగుండునని లోలోపల అనుకున్నాడు.

రెండ్రోజులకు దక్షిణపు కొసన ఉన్న గ్రంథాలయం నుంచి నోయెలీన్ ఫోన్ చేసింది. ఆవిడ అక్కడి గ్రంథపాలకురాలు, రస్‌కు పాత స్నేహితురాలు. రస్ ఎగిరి ఫోన్ అందుకుని, ఇమోజెన్ కూడా వినాలని స్పీకర్ నొక్కాడు.

"చెప్పు నోయెలీన్, ప్రింటర్ పోయిందా?"

"పోవడమేంటయ్యా, బాగుపడితేనూ! రోజూ పొద్దున్నే ఆపి, మళ్లీ ఆన్ చేసి, పక్కన ఒక్కటిస్తే గానీ కదిలేది కాదు. ఇప్పుడు చెయ్యి వెయ్యకుండానే గడగడా పని చేస్తోంది. ఏం మంత్రం వేశారు?"

ఇమోజెన్ పెదవి కొరుక్కుంటూ తన తెరలోకి తల దూర్చింది.

రస్ పాత మార్పులన్నీ తిరగేశాడు. అప్పుడెప్పుడో ఒక ప్రింటర్ మొరాయిస్తుంటే, గంటకోసారి దాన్ని ఆపి మళ్లీ నడిపించమని తనే రాశాడు. ఆ ప్రింటర్ ఏనాడో చెత్తలోకి పోయింది. దాని మందు మాత్రం ఏ జబ్బూ లేని కొత్త ప్రింటర్ గొంతు నులుముతూ వచ్చింది.

"పాపం, నోయెలీన్ దెబ్బలన్నీ దానికి తగిలాయి. నాకు తగలాల్సినవి" అన్నాడు. ఇమోజెన్ ఇక ఆపుకోలేక పగలబడి నవ్వింది. చివరికి రస్ కూడా నవ్వాడు.

ఆ నవ్వుతో అతనిలో ఏదో ముడి వీడింది. ఇక చూడాలి, కనిపించిందల్లా తీసి పారేయడమే! ఇమోజెన్ "ఆగు, పరీక్ష చెయ్యనీ" అంటూ వెంటపడాల్సి వచ్చింది.

"ఎవడి పిచ్చి ఇది? పుస్తకాలు తీసుకునే చోట తెరల మీద బొమ్మను తలకిందులు చెయ్యాలట!"

"రాసింది నువ్వే గురూ."

"అయితే ఆ రోజు తాగుంటాను" అని చెరిపేశాడు. వాళ్ల పరీక్ష కంప్యూటర్‌కు అలాంటి తెరే లేదు కాబట్టి, అదేమీ అభ్యంతరం చెప్పలేదు.

భోజనాల వేళకు ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. నోయెలీన్‌కైతే నవ్వుతో మాట రావడం లేదు.

"తెరలు శీర్షాసనం వేశాయయ్యా! బడిపిల్లలు బల్ల మీద వెల్లకిలా పడుకుని, తలలు వేలాడేసి పుస్తకాలు తీసుకుంటున్నారు."

రస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. వైరు పొట్టిది, దాన్ని దూర్చే కన్నమేమో పైన ఉందని వడ్రంగి తెరలన్నీ తిరగేసి బిగించాడు. అన్ని ఊళ్లూ తిరిగి మరలు విప్పే ఓపిక లేక, తను ఆఫీసులో కూర్చునే బొమ్మను తిప్పేశాడు.

"పాతది రెపోలోనే ఉంది. ఒక్క నిమిషంలో తిరిగొచ్చేస్తుంది" అంది ఇమోజెన్.

"కాస్త ఆగమ్మా" అంది ఫోన్లో నోయెలీన్. "రోజూ ఇక్కడికొచ్చే మా గార్డన్ తాత కూడా బల్ల మీద పడుకున్నాడు. ఆయన లేచాక సరిచెయ్యండి."

పిల్లల ముచ్చట తీరాక, బొమ్మను తిప్పే, ఊళ్ల పేర్లన్నీ ఉన్న ఆ వాక్యాన్ని మళ్లీ చేర్చారు. కారణం పక్కన రాసి అలాగే ఉంచేద్దామంది ఇమోజెన్. రస్ ఒప్పుకోలేదు, తెరలనే సరిగ్గా బిగిద్దామన్నాడు. సోమవారం పొద్దున్నే కారులో స్క్రూడ్రైవర్లు, పొడుగు వైర్లు వేసుకుని ఆమెనూ ఎక్కించుకున్నాడు.

ఊరూరా అదే పని. రస్ నేల మీద కూలబడి మరలు విప్పి తెరను నిటారుగా బిగించేవాడు. ఇమోజెన్ పక్కనే లాప్‌టాప్‌లో ఆ ఊరి పేరును ఆ వాక్యంలోంచి తీసేసేది. ఆకలేస్తే దారిలో 'స్కాలప్ పై' అనే, ఆల్చిప్ప మాంసం కూరిన రొట్టె కొనుక్కుని కారు బానెట్ మీద పెట్టుకుని తినేవారు. ఆఖరి ఊళ్లో ఆఖరి మర బిగించాక ఇమోజెన్ లాప్‌టాప్ అతని ముందు పెట్టింది.

"ఇక దీన్లో ఏ ఊరూ మిగల్లేదు. నువ్వే తీసెయ్."

రస్ మోకాళ్ల దుమ్ము దులుపుకుని, ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివి, హాయిగా చెరిపేశాడు.