కనపడకపోతే ఎవరొస్తారు?

"సుప్రియా, చారులో ఉప్పు ఎక్కువైందని చెప్పు మీ అమ్మకి."

నేను ఆయన పక్కనే నెయ్యి గిన్నెతో నిలబడి ఉన్నాను. ఏడో తరగతి చదివే నా కూతురు తలెత్తకుండా, "అమ్మా, ఉప్పు ఎక్కువైందట" అంది. పాపం, పిల్లకి అలవాటైపోయింది. మా ఆయన సత్యప్రసాద్‌కి కోపం వస్తే చెయ్యెత్తరు, నోరు పారేసుకోరు. మాట మానేస్తారు. ఈసారి కోపం నా కొత్త ఉద్యోగం మీద. వినాయకచవితికి ఆగిన మాట, దసరా వస్తున్నా మొదలుకాలేదు. అత్తగారు మాణిక్యాంబగారితో చెప్పుకుంటే, "కొట్టే మొగుడు కాదు, తాగే మొగుడు కాదు. ప్రశాంతంగా ఉండక ఏంటమ్మా నీ గోల?" అన్నారు. ఆవిడ జీవితమంతా అలాగే ప్రశాంతంగా ఉన్నారు మరి.

మొగుళ్ల చేత దెబ్బలు తిని పోలీస్ స్టేషన్‌కి వచ్చిన ఆడవాళ్లకి కౌన్సెలింగ్ ఇచ్చే సెంటరు ఒకటుంది. అక్కడికి వచ్చి వెళ్లినవాళ్ల ఇళ్లకి పోయి, దానివల్ల మేలు జరిగిందో లేదో కనుక్కోవడం నా పని. "రాజీపడి కాపురం చేసుకుంటుంటే పనిచేసిందని రాసెయ్యండమ్మా. లేకపోతే సెంటరు ఎత్తేస్తారు" అని ఆఫీసరుగారు ముందే చెప్పారు.

ఆ రోజు మా పిఠాపురం నుంచి ఉప్పాడకి, సముద్రం పక్కనే ఉన్న వీరవేణి ఇంటికి వెళ్లాను. కాపురం చేసుకుంటోంది. మొగుడు త్రిమూర్తులు ఇప్పుడు కొట్టడం లేదట. "అయితే మా సెంటరు పనిచేసిందన్నమాట" అన్నాను సంబరంగా.

వీరవేణి పకపకా నవ్వింది. "సెంటరమ్మగారు మంచివారేనండి. టీ ఇచ్చారు, కరువుతీరా ఏడవనిచ్చారు. నాకు ధైర్యం వచ్చింది అక్కడేనండి. కానీ రాజీ అయిన వారానికే మళ్లీ కొట్టాడండి. మొహం వాచిపోయి చేపలు కొనడానికి ఒడ్డుకి పోలేదు. నేను రాలేదేంటని మా రత్తమ్మత్త ఇంటికొచ్చి చూసింది."

చూసిన రత్తమ్మ ఒడ్డుకి తిరిగెళ్లి, గంప బోర్లించుకుని కూర్చుందట. అక్కడ మగవాళ్లు తెచ్చిన చేపల్ని వేలంపాటలో కొని, ఊళ్లు తిరిగి అమ్మేది ఆడవాళ్లే. ఆ పూట త్రిమూర్తులు పడవ చేపలకి ఒక్క ఆడదీ పాట పాడలేదు. మర్నాడూ పాడలేదు. చేపలు కుళ్లిపోతుంటే పడవలో వాటా ఉన్న మగవాళ్లే త్రిమూర్తుల్ని లాక్కొచ్చి వీరవేణి ముందు నిలబెట్టారు. అప్పట్నుంచి ఆమె కాస్త ఆలస్యం చేస్తే చాలు, ఎవరో ఒకరు తలుపు కొడతారు.

"ఒళ్లు నొప్పులని పడుకున్నా పడుకోనివ్వరండి" అంది మురిసిపోతూ. తర్వాత నా మొహంలోకి చూసి, "మీరు కనపడకపోతే ఎవరొస్తారండి?" అంది.

ఊరికే అడిగిన మాట. నేను మాత్రం చేతిలోని ప్రశ్నల కాగితం వైపు చూసుకున్నాను. నేను అడగాల్సిన ప్రశ్నల్లో కొట్టాడా అని ఉంది, మాట్లాడుతున్నాడా అని లేదు. వాళ్లింటి ముందు ఇసుకలో కూర్చుని ఉప్పెక్కువైన చారు దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. దెబ్బలు తిన్న మనిషి, కొట్టని మొగుడి కథ విని నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "పిఠాపురంలో మీ ఇల్లెక్కడండి?" అని అడిగింది.

మర్నాడు రత్తమ్మతో మాట్లాడటానికి వస్తానని చెప్పాను కానీ, జ్వరం తగిలి వెళ్లలేకపోయాను. ఆ పై రోజు పొద్దున మా మెట్ల మీద గంపలు దించిన చప్పుడు.

"అమ్మగారేరండి? వస్తానని రాలేదు."

"చేపలు వద్దమ్మా, వెళ్లండి" అన్నారు మా ఆయన, పేపరు దించకుండానే అయ్యుంటుంది.

"చేపలకి కాదండి. అమ్మగారిని చూసి పోతాం."

సుప్రియ బడికి వెళ్లిపోయింది, అత్తగారు గుడికి. కబురు మోసేవాళ్లు లేరు. వాళ్లా, కదిలేలా లేరు. పక్కగదిలో పడుకుని వింటున్న నాకు ఆయన మీద జాలీ, నవ్వూ, ప్రేమా అన్నీ కలిసి వచ్చాయి. లేచి వెళ్తే ఆయనకి సుఖం. లేవలేదు.

చాలాసేపటికి నా గది గుమ్మం దగ్గర ఆయన గొంతు. "సూర్యకళా... నీకోసం ఎవరో వచ్చారు. లేవగలవా?"

నా పేరు ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. కళ్లు తుడుచుకుని బయటికి వచ్చాను. వీరవేణీ రత్తమ్మా నన్ను కిందనుంచి పైదాకా చూసి తృప్తిపడ్డారు. వీరవేణి నా వెనకాల ఉన్న ఆయన వైపు తిరిగి, "మీరేనాండి ఆయన?" అంది, ఎంతో మర్యాదగా.

రిపోర్టు ఆ పూటే రాశాను. సెంటరు ఉండి తీరాలన్నాను. కాపురం చేసుకుంటున్నారా అన్న ప్రశ్న కొట్టేసి, "మీరు కనపడకపోతే ఎవరొస్తారు?" అని పెట్టాను. దాని కింద మొదటగా నా పేరు రాసి, పక్కనే ఉప్పాడ వీరవేణి, రత్తమ్మ అని జవాబు రాశాను.