ఫ్యాన్ వేయకూడని గది

డబ్బా మూత తీసే ముందు కుమారి చెయ్యి దానంతటదే స్విచ్ మీదకి పోతుంది. ముందు ఫ్యాన్ ఆపాలి, కిటికీ రెక్కలు మూయాలి, ఆ తర్వాతే మూత. ఒకరోజు కిటికీ మరిచిపోయినందుకు అత్త గౌరీశ్వరి సాయంత్రం దాకా సణిగింది. డబ్బాలో ఉన్నది బట్టల మీద గంజి మరకల్ని తినేసే ఎంజైమ్ పొడి. మైదా కంటే మెత్తన, ఊపిరి తగిలినా లేస్తుంది. ఇదే సరుకు నీళ్లలా కూడా దొరుకుతుందట, అదైతే ఎగరదు. ఖరీదెక్కువని భర్త ఫణీంద్ర పొడే తెప్పిస్తాడు. టెక్కలిలో వాళ్ల ఇంటి వెనక గదిలో, బట్టలుతికే లిక్విడ్‌లో ఆ పొడి కలిపేది కుమారి. పలాస నుంచి మందస దాకా షాపుల్లో అమ్మేది అతను. ఆమెకి జీతం మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటావిడకి జీతమేమిటి, నవ్విపోరూ!

అమ్మడంలో మాత్రం అతనికి తిరుగులేదు. గంజి పెట్టి ఆరేసిన గుడ్డ మీద అయోడిన్ చుక్క వేస్తాడు, నల్లబడుతుంది. దాన్ని తన లిక్విడ్‌లో ముంచి షాపాయనతో టీ తాగేలోగా నలుపు మాయం. "మన ఉమ్మిలో ఉన్నదే ఇదీని. అన్నం నమిల్తే తియ్యగవుద్ది కదేటి, అదే" అంటాడు. కుమారికి దగ్గు మొదలైనప్పుడూ అదే మాట. ఉమ్మిలో ఉన్నదే, ఏమవుతుంది? నోట్లో ఉండేది ఊపిరితిత్తుల్లోకి పోయినా పర్లేదని ఈ మహానుభావుడికి ఎవరు చెప్పారో!

మొదట తుమ్ములు, కళ్ల మంట. తర్వాత సాయంత్రమయ్యేసరికి ఛాతీ బిగుసుకుని పిల్లికూతలు. తమ కాలంలో కట్టెపొయ్యి పొగ మింగీ ఎవరూ ఇలా పడుకోలేదని అత్త అంది. మా ఆవిడికి పనంటేనే దగ్గొస్తుందని ఫణీంద్ర డీలర్ల ముందు నవ్వాడు. కుమారి కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే ఒళ్లు మంట. పలాసలో డాక్టరు ఏం పని చేస్తావని అడిగి, ఆ పొడి నీ ఊపిరికి పడట్లేదు, ఇంక చిటికెడు సోకినా ప్రమాదమే, ఆ గదిలోకి వెళ్లొద్దన్నాడు. పక్కనే ఉన్న ఫణీంద్ర అంతా విన్నాడు. తిరుగు దారిలో ఆటోలో ఫోన్లో ఆర్డర్లు మాట్లాడుకున్నాడు. మర్నాడు, కొన్నాళ్లు రెస్టు తీసుకోమని కంచిలిలో ఆమె పుట్టింట్లో దింపి వచ్చాడు.

కంచిలిలో దగ్గు పోయింది. మందూ మాకూ లేకుండా, తోటల గాలికే పోయింది. తల్లి సంబరపడింది గానీ కుమారికి అప్పుడే భయం మొదలైంది. రోగం తన ఒంట్లో లేదు, ఆ గదిలో ఉంది. అది అక్కడే తన కోసం కాచుకుని కూర్చుంది.

తిరిగొచ్చిన రోజు చెప్పులు విప్పుతుండగా దగ్గు వినిపించింది. పొడిగా, చిన్నగా. తనదేననుకుని గొంతు పట్టుకుంది. కాదు. వెనక గదిలోంచి కూతురు ఇందు వచ్చింది. ఇంటర్ పరీక్షలయ్యి సెలవుల్లో ఉన్న పిల్ల. కనురెప్పల మీద తెల్లటి పొడి, కళ్లు ఎర్రగా.

"నువ్వు లేవని నాన్నమ్మ కలపమంది" అంది.

"దాని సెయ్యి నీకంటే సురుకు. ఇంక నువ్వు అందులోకి ఎల్లక్కర్లేదులే" అంది గౌరీశ్వరి, వరమిస్తున్నట్టు.

కుమారికి ముందు ఏమనిపించిందో చెప్పాలంటే సిగ్గు. అమ్మయ్య, నేను వెళ్లక్కర్లేదు అనిపించింది. ఆ మరుక్షణమే పిల్ల కనురెప్పల మీది పొడిని కొంగుతో తుడిచింది.

అంతలో ఫణీంద్ర వచ్చాడు. పెద్ద ఆర్డరొచ్చిందట, పొద్దున్నే పంపాలట. ఇందూ, ఇంకో డబ్బా కలిపీమ్మా అంటూ వెనక గది వైపు నడిచాడు. పిల్ల లోపలికెళ్లింది. అతను గుమ్మం దగ్గర ఆగాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుని, మెడ మాత్రం చాచి, ఎంత పొయ్యాలో చెప్పాడు. కాలు గడప దాటలేదు.

కుమారి ఆ కాలినే చూసింది. ఈ వ్యాపారం పెట్టిన మూడేళ్లలో అది ఎన్నడూ దాటలేదు. డబ్బాలు గడప మీదే పెట్టేవాడు, డ్రమ్ములు ఆమే దొర్లించుకొచ్చేది. ఆడవాళ్ల పని కదా, చిన్నతనమనుకుంటున్నాడు కాబోలు అనుకుంది ఇన్నాళ్లూ. కాదు. ఆయనకి మొదట్నుంచీ తెలుసు.

అతని పక్కనుంచి లోపలికెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. అంతలోనే ఆమె ఛాతీలో పిల్లికూత మొదలైంది.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు ఫణీంద్ర.

"తాళం నా కొంగునే ఉంటాది. ఆ రుమాలు తీసీసి, లోపలికెల్లి మీరే కలుపుతానంటే సెప్పండి. ఇప్పుడే ఇచ్చేత్తాను."

ఫణీంద్ర చెయ్యి ముక్కు మీద నుంచి కిందికి దిగలేదు.