జాడీకి బెల్టు, మనిషికి నేను

నేను ఒక ఇనుప బిళ్లను. కారులో సీటు బెల్టు చివర, బకిల్‌లో కటుక్కున దిగే ముక్క ఉంటుందే, అచ్చం అలాగే ఉంటాను. తేడా ఒక్కటే, నా వెనక బెల్టు లేదు. ఆ తేడా ఎంతటిదో అప్పట్లో నాకే తెలియదంటే నమ్ముతారా? ఒట్టు, తెలియదు!

ఏదో కార్ఖానాలో అచ్చు కొట్టి, సంచిలో వేసి, భీమవరంలో కారు సామాన్ల కొట్లో మేకుకి వేలాడదీశారు. సంచి మీద బెల్టు పెట్టుకుని నవ్వుతున్న మనిషి బొమ్మ. అది చూసి, ప్రాణాలు కాపాడే జాతి నాది అని మురిసిపోయాను.

నన్ను కొన్నది వీరరాఘవులు గారు, పెళ్లివంటల మేస్త్రి. ఆయన ముక్కు గురించి ఊళ్లో కథలుగా చెప్పుకునేవారు. గుండిగ మూత తీస్తే చాలు, ఇంగువ తగ్గిందో పోపు మాడిందో వాకిట్లోంచే చెప్పేసేవారు. వంటవాళ్లకు ఆయన తిట్లకన్నా ఆ ముక్కంటేనే హడలు.

కారు ఊరికే కూత పెడుతోందని ఆయన మెకానిక్ కరీముల్లాకి చూపించారట. కరీముల్లా బెల్టులు లాగి చూశాడు, బకిళ్లలో టార్చి వేశాడు, సీట్ల కింద వైర్లు తడిమాడు.

"బండికి ఏ రోగమూ లేదండీ. పక్క సీట్లో మీ ఆవకాయ జాడీ బరువుకి మనిషి కూర్చున్నాడనుకుంటందండీ. దానికో బెల్టు పెట్టి, మీరోటి పెట్టుకోండి. అదే నోరు మూసుకుంటది."

"జాడీకి పెడతానయ్యా, నూనె ఒలికితే పెళ్లివారి ముందు పరువు పోద్ది. నాకెందుకూ? ఇస్త్రీ లాల్చీ నలిగిపోదూ!" అన్నారట ఈయన. ఆ మాటే కొట్టువాడికి గొప్పగా చెప్పి మరీ నన్ను కొన్నారు.

జాడీకి బెల్టు పెట్టి, తన సీటు బకిల్‌లో నన్ను గుచ్చగానే కూత ఠక్కున ఆగింది. "హమ్మయ్య, పీడ వదిలింది!" అన్నారు. నేను ఎంత పొంగిపోయానో! బయలుదేరుతుంటే వాళ్లావిడ సువర్చలమ్మ గారు కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఏవండీ, జాడీ మీదున్నపాటి భయం మీమీద లేదా?"

"వీరవాసరం దాకాయే కదే!"

పగలు పదిగంటలు. కాలువ గట్టు రోడ్డు మలుపు తిరిగామో లేదో, ఎదురుగా రోడ్డు నిండా బాతుల మంద. బ్రేకు తొక్కారు. కారు జారి వంతెన గోడను గుద్దింది. అమ్మబాబోయ్! పక్క సీటు బెల్టు బిగుసుకుని జాడీని కావలించుకుంది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంది గానీ, పట్టి ఉంచే బెల్టు లేని ఆయన దాని పక్కగా తూలిపోయి, అద్దం పక్క కమ్మీకి నుదురు కొట్టుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. పట్టుకుందామంటే దేనితో పట్టుకోను? నాకు వెనకాల ఏముంది? జాడీకి కట్టిన వాసెన గుడ్డ కూడా చెదరలేదు. బాతులు తాపీగా కాలువలో దిగాయి.

మూడువారాలకు ఆయన కరీముల్లా షెడ్డుకి వచ్చారు, నుదుట కుట్లతో, భార్య భుజం పట్టుకుని. బాగుపడిన కారులో నేనూ జాడీ ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం.

"ఆసుపత్రి కూడుకి వాసనా పాడా! ఆ జాడీ విప్పవే, ప్రాణం లేచొస్తాది," అన్నారాయన.

సువర్చలమ్మ గారు వాసెన విప్పారు. కరీముల్లా రెండడుగులు వెనక్కి వేసి, "అబ్బ! ఏం ఘాటండీ బాబూ!" అన్నాడు.

ఆయన వంగి జాడీలో ముక్కు పెట్టారు. లేచారు. మళ్లీ వంగారు.

"విప్పావా?"

"విప్పానండీ," అన్నారావిడ. అంటూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

నుదుటి దెబ్బకి ఆ ముక్కుకి వాసనే తెలియకుండా పోయింది, అదీ నా వల్లే. కాపాడతాననుకున్నదాన్ని, కాపాడే బెల్టుని పిలిచే ఆ కూత గొంతు నొక్కాను.

కరీముల్లా నన్ను లాగి మేకుల డబ్బాలో విసిరేశాడు. ఆయన సీట్లో కూర్చుని తాళం తిప్పారు. కూత మొదలైంది. కంగారుగా కరీముల్లా బెల్టు అందించబోయాడు.

"ఉండవయ్యా, కాసేపు మోగనీ. ఇదొక్కటైనా తెలుస్తోంది."

చాలాసేపు మోగింది. ఆ తర్వాత కటుక్కుమని వినిపించింది. ఈసారి కూత ఆపింది నేను కాదు.